అట్టపెట్టెల సారె

మా వైపు ఆడపిల్ల కాపురానికి వెళ్తుంటే వెనకాల సారె వెళ్తుంది. అరిసెలు, లడ్డూలు, నువ్వుల చిమ్మిలి, పోకుండలు, పుట్టింటివాళ్ళ తాహతుకి తగ్గట్టు ఎన్ని ఇత్తడి గుండిగలైతే అన్ని. అత్తారి ఊళ్ళో వాటిని ఇంటింటికీ పంచుతారు. ప్రతి ఇంట్లోనూ తింటారు, తిని ఆ పిల్ల పుట్టింటి మీద తీర్పు చెప్తారు. అరిసె విరిగితే ఒక మాట, నూనె కారితే ఇంకో మాట. 'కొన్న సారె' అని తెలిసిందా, ఆ పిల్ల ఏడాదిపాటు తల వంచుకు తిరగాలి. కాబట్టి కోటబొమ్మాళిలో సారె వండి అమ్ముకునే నాలాంటిదాని పని ఏమిటంటే, కొన్నది కొన్నట్టు కనపడకుండా చెయ్యడం.

మొదట్లో ఇది వ్యాపారం అని మాకే తెలీదు. స్టేషన్‌కి వెళ్ళే దారిలో మా వీధి. ఏ ఇంట్లో పెళ్ళయినా వీధిలోని ఆడవాళ్ళంతా ఎవరి పీట వాళ్ళు చంకన పెట్టుకుని వచ్చేసేవారు. ఒకత్తి పిండి జల్లిస్తే ఒకత్తి పాకం పట్టేది. పాకంలో పిండి పడిందంటే ఇక మాటల్లేవు, చల్లారకముందే తట్టెయ్యాలి, చుట్టూ పదిమంది చేతులూ ఒకేసారి ఆడాలి. అరిసెల చెక్కల మధ్య నూనె నొక్కుతుంటే ఆ వాసనకి వీధి చివరి ఇంట్లో ముసలాయన కూడా కర్ర పట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. మధ్యాహ్నం మొదలుపెడితే దీపాలవేళకి లేచేవాళ్ళం. నడుములు విరిగిపోయేవి. అయినా ఎవరికీ ఇంటికి వెళ్ళబుద్ధయ్యేది కాదు. ఇప్పుడు తల్చుకుంటే ఆ నడుంనొప్పి కూడా కావాలనిపిస్తుంది నాకు.

తర్వాత్తర్వాత ఆడవాళ్ళు ఉద్యోగాల్లో పడ్డారు, వీధులు ఖాళీ అయ్యాయి. పక్కూరి టీచరమ్మ ఒకావిడ వచ్చి, "మా పిల్లకి సారె మీరే సేసి పెట్టండి, ఎంతైనా ఇచ్చుకుంటాను" అంది. అలా మొదలైంది. నాకు తోడు ఎదురింటి కుమారి. నాకన్నా బాగా చిన్నది, నన్ను అప్పా అంటుంది, అంటే అక్కా అని, నోరు మాత్రం నాకన్నా పెద్దది. పాకం దించడంలో ఇద్దరికీ రోజూ తగువే. "దించప్పా, ముదిరిపోతన్నాది" అని అది, "నువ్వు నాకు సెప్పీదేటే" అని నేను. మా ఆయన లక్ష్మీనరసింహం, గుళ్ళో పొద్దుటి సేవలో పాడి వచ్చేసరికి మా గొంతులు వీధి చివరిదాకా వినపడేవట. గుళ్ళో తను పాడినదానికన్నా మా పాట శృతిలో ఉందనేవాడు.

సారె వెళ్ళేది మా గుండిగల్లోనే. కొన్నాళ్ళకి అవి తిరిగొచ్చేవి. మా వైపు ఎవరూ గిన్నె ఖాళీగా తిప్పి పంపరు కదా, అందులో ఏదో ఒకటి పెట్టేవారు. కొత్త బియ్యం, పెసలు, ములక్కాడలు. ఓసారి మూత తీస్తే కాళ్ళు కట్టిన కోడిపెట్ట ఉంది, మా ఆయన ఎగిరి గంతేసి అరుగు మీదనించి పడ్డాడు. వాటికన్నా ముఖ్యం, గుండిగ తెచ్చినావిడ ఊరికే ఇచ్చి వెళ్ళదు. చెంబెడు నీళ్ళు తాగి, కూర్చుని, అంతా చెప్తుంది. "లడ్డూలు సివరిదాకా బాగున్నాయమ్మ. సిమ్మిలిలో బెల్లం తగ్గింది. మా తోడికోడలు ఏటందో తెలుసా..." ఆ తోడికోడలు అన్నమాట విని నేను వారం రోజులు కుమారిని సాధించేదాన్ని. కుమారి నన్ను సాధించేది. మళ్ళీ సారెకి చిమ్మిలి సరిగ్గా కుదిరేది.

మోహనకృష్ణ మా అన్నయ్య కొడుకు. విశాఖపట్నంలో ఏదో పెద్ద గోడౌన్లో చేసి, ఆ నౌకరీ వదులుకుని, "అత్తా, నీ పని నేను పెద్దది చేస్తాను" అంటూ వచ్చాడు. మంచివాడు. నేను తిట్టినా నవ్వుతాడు, అదొక్కటే నాకు ఒళ్ళు మంట. వచ్చిన మొదటివారమే మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి, "తొందరగా కావాలి, చవగ్గా కావాలి, బాగుండాలి, మూడూ అంటే కుదరదత్తా. ఏదో ఒకటి వదులుకోవాలి" అన్నాడు.

"అయితే మీ మావని ఒగ్గేద్దాం రా. బోలెడు ఖర్చు కలిసొస్తాది," అన్నాను.

మా ఆయన పేపరు దించి నన్ను చూసి మళ్ళీ ఎత్తేశాడు.

వాడు చేసినవన్నీ తప్పని నేను అనను. బూందీ దూసే మిషను తెచ్చాడు, లడ్డూ అంత బాగా నా చేత్తో ఎప్పుడూ రాలేదు, అది ఒప్పుకోవాలి. లెక్కలు చూశాడు, గ్యాసు ఖర్చు తగ్గించాడు. ముహూర్తాల రోజుల్లో మేము కాదని పంపేసే పెళ్ళిళ్ళు ఇప్పుడు చేతికందాయి. కుమారికి నెల జీతం వచ్చింది, దాంతోనే కూతురు విశాలిని నర్సింగు చదివించింది. ఇవన్నీ నిజమే.

వాడు మార్చినవి ఇంకో రెండున్నాయి. అరిసెలకి బియ్యం నానబోసి, నీళ్ళు వార్చి, తడి పిండి కొట్టించాలంటే ముందురోజునించీ కూర్చోవాలి, ఆ పిండి నిలవుండదు. వాడు పొడి పిండి బస్తాలు తెప్పించాడు. ఎప్పుడంటే అప్పుడు పాకం పట్టి కలిపెయ్యడమే. నేను అరిచాను. వాడు వేడి వేడి అరిసె ఒకటి నా నోట్లో పెట్టాడు. మెత్తగా, కమ్మగా ఉంది. కుమారి కూడా తిని, "బాగానే ఉన్నాదప్పా, ఇన్నాళ్ళూ ఎందుకు సచ్చేం?" అంది. ఇద్దరం నోరు మూసుకున్నాం.

రెండోది గుండిగలు. అవి పంపడానికి ఒక ఆటో, తేవడానికి ఒక ఆటో, తోమడానికి ఒక మనిషి, మూతలు పోతే మళ్ళీ కొనడం. అవన్నీ మానేసి అట్టపెట్టెలు చేయించాడు. పెట్టె మీద 'జగదీశ్వరి సారె' అని రాసి నా ఫోటో. ఆ ఫోటోలో నేను తెల్లగా ఉన్నాను, నవ్వుతూ ఉన్నాను, రెండూ అబద్ధాలే. సారె దిగిన సాయంత్రమే వాళ్ళ ఫోనుకి ఒక మెసేజీ వెళ్తుంది, అయిదింటికి ఎన్ని చుక్కలిస్తారని. అందరూ అయిదూ ఇచ్చేవారు. నేను ఆ చుక్కలు చూసుకుని మురిసిపోయి వీధిలో కనపడినవాళ్ళకల్లా చూపించేదాన్ని. వాడు నవ్వేవాడు, ఆ నవ్వు అప్పుడు మంట పుట్టించేది కాదు.

మొన్న మాఘమాసం ముహూర్తాల్లో కుమారి కూతురు విశాలి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు ఈశ్వర్‌కి రైల్వేలో ఉద్యోగం, వాళ్ళది కొత్తవలస. ఆ పిల్ల మా అరిసెల పళ్ళాల మధ్య పాకుతూ పెరిగింది, నన్ను పెద్దమ్మా అంటుంది. జిల్లాలో సగంమంది ఆడపిల్లల సారె కుమారి చేతిమీద వెళ్ళింది, ఇప్పుడు దాని సొంతపిల్ల సారె. పెట్టెలన్నీ ముందే సిద్ధమై నా వరండాలో గోడవార పేర్చి ఉన్నాయి. అదే ముహూర్తానికి ఇంకా చాలా పెళ్ళిళ్ళు. అవికాక విశాఖపట్నంలో ఒక ఫంక్షన్ హాలువాళ్ళు వారం వారం సరుకు తీసుకుంటామని మాట్లాడుతున్నారు. మోహనకృష్ణ ఫోను చెవినించి దించటం లేదు.

పెళ్ళి రేపనగా మధ్యాహ్నం ఒక ఆటో వచ్చి ఆగింది. అందులోంచి ఒక ముసలావిడ, ఆవిడ వెనకాల ఒక గుండిగ దిగాయి. నరసన్నపేట అవతల పల్లెటూరు, పేరు లక్ష్మీనరసమ్మ. కొన్నేళ్ళ క్రితం ఆవిడ పెద్ద మనవరాలి సారె మేమే చేశాం. ఇల్లు పడగొట్టి కడుతున్నప్పుడు మా గుండిగ అటక సామానులో కలిసిపోయి ఇన్నాళ్ళూ కనపడలేదట. తోమి, కొత్త పెసలు పోసి తెచ్చింది.

"రాక రాక వొచ్చావు, కూకో పిన్నీ," అని నీళ్ళిచ్చాను. "మీ సిన్న మనవరాలి సారె కూడా మా దగ్గిర్నుంచే కదా వొచ్చింది. ఎలాగున్నాది? అయిదు సుక్కలిచ్చారు మీవోళ్ళు."

ఆవిడ చెంబు కింద పెట్టింది. "సుక్కలేటో నాకు తెల్దమ్మ. అరిసెలు మాత్రం రాళ్ళు."

నేను ఆవిడకి వినపడలేదేమో అనుకుని మళ్ళీ అడిగాను.

"రాళ్ళే తల్లీ. వొచ్చిన్నాడు బాగానే ఉన్నాయి. నాలుగు రోజులు పోయేసరికి ఉన్న పళ్ళు కూడా ఊడిపోయేలాగున్నాయి. పిల్ల అత్త ఏటందో సెప్పనా? ఈ అరిసెలు దాసుకుందాం, గోడకి పనికొస్తాయి అంది. నా మనవరాలు ఆ మాట ఇని గదిలోకెల్లి ఏడిసింది. నీకు సెప్పాలనే ఇంత దూరం వొచ్చాను. నీ సేతి అరిసె నాకు తెల్దేటి? ఇది నీది కాదు."

ఆవిడ అన్నం తిని, ఆకు వేసుకుని, వచ్చిన ఆటోలోనే వెళ్ళిపోయింది. నేను లోపలికి వెళ్ళి కిందటివారం చేసిన అరిసెలు మిగిలినవేమైనా ఉన్నాయా అని వెతికాను. డబ్బా అడుగున ఒకటి దొరికింది. కొరికితే దిగలేదు. పెళ్ళిపనుల మధ్య పసుపు కోసం వచ్చిన కుమారి చేతిలో పెట్టాను. అది కొరికింది, చూసింది, గుమ్మానికేసి కొట్టింది. టక్కుమని చప్పుడైంది. మా ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. మేము రుచి చూసినవన్నీ పొయ్యి మీదనించి దించినవే. చుక్కలు వచ్చినవన్నీ సారె దిగిన రోజువే. అరిసె అసలు రంగు బయటపడేసరికి మాతో మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు. గుండిగలు ఉన్నన్నాళ్ళూ మెల్లిగా, ఆలస్యంగా, తిన్నవాళ్ళ మాట మోసుకుని వచ్చేవి. ఆటో ఖర్చు దండగని మానిపించింది మేమే.

"అప్పా," అంది కుమారి. అది వరండాలో పెట్టెలవైపు చూస్తోంది. "నా పిల్ల కూడా ఏడవాల్నా?"

కుమారి ఎప్పుడూ నా మీద అరుస్తుంది, ఆరోజు అరవలేదు. అరిచినా బాగుండేది.

మోహనకృష్ణని పిలిచి అరిసె వాడి చేతికిచ్చాను. వాడు కొరికాడు. మొహం మాడిపోయింది. "నేనూ వేడిగా ఉన్నప్పుడే చూశానత్తా. నాకు తట్టలేదు," అన్నాడు. కాసేపు ఆలోచించి, "కొంచెం వేడి చేసుకుంటే మళ్ళీ మెత్తబడతాయి. పెట్టెలో ఒక కాగితం పెడదామా..." అని నా మొహం చూసి ఆపేశాడు.

"కాగితమా! వీధివోళ్ళందరికీ కాగితం సదివి ఇనిపిస్తాదేటి నా పిల్ల?" అంది కుమారి.

బియ్యం ఇప్పుడు నానబోసినా రేపటికిగానీ తడిపిండికి రావు. రేపు పెళ్ళి. పందిట్లో చేతులకి కొదవ ఉండదు గానీ అరిసె తట్టే చెయ్యి ఒకటీ ఖాళీ ఉండదు. ఎల్లుండి తెల్లవారగానే పిల్ల కారెక్కాలి, దానితోపాటు సారె వెళ్ళాలి. ముహూర్తం మన కోసం ఆగదు. అరిసెల్లేకుండా సారె పంపితే అంతకన్నా తలవంపు లేదు. రాళ్ళు పంపితే ఏమవుతుందో అప్పుడే విన్నాం. ఖర్చంటారా, ఆ పూట మా ఇద్దరి ఒంటి మీది బంగారం అడిగినా ఇచ్చేవాళ్ళం. డబ్బుతో వచ్చే పనైతే కదా!

మోహనకృష్ణ అరుగు మీద కూర్చుని అరిసెని తిప్పి తిప్పి చూస్తున్నాడు. ఉన్నట్టుండి, "పూర్తవకుండానే పంపేద్దాం," అన్నాడు.

"ఏటి పంపీది?"

"బియ్యం నానబోసి గుండిగల్లో పంపేద్దాం. వెళ్ళేలోపు నానతాయి. అక్కడే పిండి చేసి, అక్కడే వండుదాం. ఇప్పుడు మంచాలూ బీరువాలూ అలాగే కదా వస్తున్నాయి. ముక్కలు తెచ్చి కొన్నవాళ్ళ ఇంట్లో బిగిస్తారు."

"సారె పచ్చిబియ్యంతో ఎల్తాదేట్రా! మతి పోనాదేటి నీకు?" అని నేను లేచాను. కుమారి నెత్తి కొట్టుకుంది. "పుట్టింటి సారె అత్తారింట్లో వొండుకోడం ఎక్కడైనా ఉన్నాదేటి బాబూ? నా పిల్లని ఏటనుకుంటారు?"

"ఏమనుకున్నా నిజం చెప్పి అనిపించుకుందాం. అబద్ధం చెప్పి అనిపించుకునేకన్నా నయం కదా," అన్నాడు వాడు. ఈసారి నవ్వలేదు.

వాడు చేసింది తప్పే, చెప్పింది మాత్రం రైటు. అటకెక్కి గుండిగలు దించాం. మసి పట్టి, బూజు పట్టి ఉన్నాయి. చుట్టాలతో నిండిన ఇంట్లోంచి కుమారి వచ్చి, పెళ్ళికూతురి తల్లి అనే సిగ్గు కూడా లేకుండా, చీర ఎగ్గట్టి, నాతోపాటు చింతపండు వేసి తోమింది. తోముతూ ఒక్కసారి మాత్రం, "అప్పా, నువ్వే ఎల్లు దానెంట. మాట పడితే నువ్వే పడు. దాన్ని పడనీకు," అంది. సరేనన్నాను.

పెళ్ళి మర్నాడు పొద్దున్న కొత్త దంపతులు కారులో, నేనూ మోహనకృష్ణా వ్యానులో బయల్దేరాం. ఇంటినిండా చుట్టాలు, కుమారి రాలేకపోయింది. వెనకాల లడ్డూలు, చిమ్మిలి, పోకుండలు. నీళ్ళు మార్చి మార్చి నానబోసిన బియ్యం గుండిగలు కుదుపుకి మూతలు టకటకమంటున్నాయి. అరసవల్లి మలుపు దగ్గర సూర్యనారాయణమూర్తికి వ్యానులోంచే దండం పెట్టుకున్నాను. దారిపొడుగునా మోహనకృష్ణతో ఒక్క మాటా మాట్లాడలేదు. నాకు కోపమనుకున్నాడో ఏమో వాడు. భయం అని చెప్పలేక ఊరుకున్నాను.

కొత్తవలసలో రైలుగేటు అవతల వాళ్ళ వీధి. సారె వస్తుందని ఆడవాళ్ళు అప్పటికే చేరారు. పెళ్ళికొడుకు తల్లి తులసి, నా ఈడే ఉంటుంది, గట్టి మనిషి, చూపే చెప్తోంది. హారతిచ్చి కోడల్ని లోపలికి తీసుకుంది. గుండిగలు వాకిట్లో దించారు. "అబ్బో, గుండిగలు తెచ్చారే! ఇప్పుడెవలు తెస్తన్నారు?" అని ఎవరో మెచ్చుకున్నారు. నాకు ఇంకా భయమేసింది.

తులసి మూత తీసింది. లోపల నీళ్ళు, నీళ్ళలో బియ్యం. ఇంకోటి తీసింది. అందులోనూ బియ్యమే.

"ఏటిది?"

వెనకాల నించి ఒకావిడ, "సారె మనల్నే వొండుకోమని బియ్యం పంపినారేటే?" అంది. ఇద్దరు ముగ్గురు కిసుక్కున నవ్వారు. గుమ్మంలో నించున్న విశాలి మొహం చూశాను. ఆ పిల్లకి ముందే చెప్పాం, అయినా కళ్ళలో నీళ్ళు నిలబడ్డాయి. తల వంచుకుంది. ఆ వంచుకోవడమే నేను చూడకూడదనుకున్నది.

"తలెత్తే," అన్నాను దానితో. అందరికీ వినపడేలాగే అన్నాను. "ఇందులో నీ తప్పేటి లేదు. అమ్మా, నా పేరు జగదీశ్వరి. సారె వొండి అమ్ముతాను. ఇది కొన్న సారె, దాపరికం లేదు. ఈ పిల్ల తల్లీ నానూ కలిసే సేస్తాం. ఈపాలి బేగి అయిపోవాలని పొడి పిండితో అరిసెలు సేసాం, అవి రాళ్ళయిపోనాయి. ఆ రాళ్ళు మీకు పంపడం ఇష్టం లేక బియ్యం నానబోసి తెచ్చాను. పొయ్యి సూపిస్తే ఇక్కడే సేసి పెడతాను. తిట్టాలంటే నన్ను తిట్టండి. కూకుని తిట్టించుకుంటాను."

తులసి నన్ను కిందనించి పైదాకా చూసింది. గుండిగలో చెయ్యి పెట్టి నాలుగు గింజలు తీసి గోటితో నలిపింది. పిండిగా విడిపోయాయి.

"నానేయి," అంది. కొంగు నడుముకి దోపింది. "బియ్యం వార్చి ఆరబెట్టండే. ఒసే, నీ మిక్సీ ఉన్నాదా? నీదీ తే. అందరివీ తెండి. సోద్యం సూడ్డానికి వొచ్చేరేటి అందరూ?"

ఇంటింటికీ మిక్సీ. బట్ట మీద ఆరిన బియ్యం గిన్నెలతో పట్టుకుపోయి ఎవరింట్లో వాళ్ళు ఆడి, తడిపిండి పట్టుకొచ్చారు. వీధిలోని మిక్సీలన్నీ ఒకేసారి మోగుతుంటే మాటలు వినపడక అందరూ కేకలే. మోహనకృష్ణ గిన్నెలు కలిసిపోకుండా వాటి మీద సుద్దముక్కతో ఇంటిపేర్లు రాసి, ఎవరిది ఎక్కడిదో పరిగెత్తి చూసుకున్నాడు. ఆ పని వాడిలా నేను చెయ్యలేను. వాకిట్లో పొయ్యి పెట్టి నేను బెల్లం పాకానికి కూర్చున్నాను. పాకం ఉండకి వచ్చింది, దించాను, పిండి కలిపాను. "రండే బేగి!" అన్నాను.

పీటలు వచ్చాయి. ఎవరి పీట వాళ్ళదే. అరటాకు ముక్కలు, నూనె అంటిన వేళ్ళు, ఒకరి మీద ఒకరు పడి నవ్వులు. ఒకావిడ మొగుడి మీద ఏదో చెప్పి అందర్నీ పడీ పడీ నవ్వించింది. నాకు కళ్ళు మసకబారాయి. పొగ అనుకున్నారు. మా వీధి మొత్తం లేచి నూటికి పైగా కిలోమీటర్లు నడిచి ఇక్కడికొచ్చి కూర్చున్నట్టు ఉంది. ఇది మళ్ళీ చూస్తానని అనుకోలేదు. వ్యాపారం మొదలెట్టిన రోజునే ఇది నా చేతుల్లోంచి జారిపోయిందనీ, జీతాలూ పెట్టెలూ చుక్కలూ చూసుకుంటూ నేను దాని కోసం ఏడవడం కూడా మర్చిపోయాననీ అప్పుడే తెలిసింది.

ఫోను పట్టుకుని మోహనకృష్ణ నా వెనకాలకొచ్చి వంగాడు. "అత్తా, ఫంక్షన్ హాలువాళ్ళు. వారం వారం అరిసెలు కావాలట, మనం చెప్పిన ధరకి ఒప్పుకున్నారు. ఇప్పుడే చెప్పాలట."

"లడ్డూలు ఎన్నైనా ఇస్తామని సెప్పు. అరిసెలంటే ముందు సెప్పాలి, రేటు పెరుగుతాది."

"అలా అయితే వేరేవాళ్ళని చూసుకుంటారత్తా."

"సూసుకోమను."

ఆ బేరం కోసం వాడు ఎంత తిరిగాడో నాకు తెలుసు, వాడి చెమట నాకు దండగ కాదు. వాడు పక్కకి వెళ్ళి, మెల్లిగా, మర్యాదగా, నేను చెప్పినట్టే చెప్పాడు. ఫోను జేబులో పెట్టుకుని వచ్చి పళ్ళెం అందుకున్నాడు. ఆ బేరం పోయింది.

ఈలోపు వీధి ఆడవాళ్ళు కొత్త పెళ్ళికూతుర్ని ఊరుకోనిచ్చారా? "నీ పుట్టింటి అరిసె, నువ్వు తట్టకపోతే ఎలగే?" అని లాక్కొచ్చి మధ్యలో కూర్చోబెట్టారు. పారాణి కాళ్ళు, గోరింటాకు చేతులు. విశాలి ఉండ తీసుకుని ఆకు మీద పెట్టి నొక్కింది. ఒకపక్క మందం, ఒకపక్క చిరుగు. నూనెలో వేస్తే రెండు ముక్కలైంది. వాకిలి గొల్లుమంది. ఈసారి ఆ పిల్ల కూడా నవ్వింది.

తులసి ఆ ముక్కలు చిల్లుల గరిటెతో తీసి పైకెత్తి చూపించింది. "ఓలమ్మో! సారె సేసేవోళ్ళ ఇంటి పిల్లకి అరిసె తట్టడం రాదు! ఏదీ, ఆ ఫోను ఇలా తే, మా వొదిన్ని అడుగుతాను." ఈశ్వర్ నవ్వుతూ ఫోను కలిపి అందరికీ వినపడేలా పెట్టాడు.

"వొదినా! నీ కూతురికి ఏటి నేర్పేవు? అరిసె తట్టడం కూడా నేర్పలేదేటి?"

కుమారి మాటకి మాట బదులిస్తుందని నేను ఎదురుచూస్తున్నాను. అది ఎప్పుడూ ఊరుకోదు.

"నేర్పనేదొదినా," అంది చివరికి. గొంతు సన్నగా ఉంది. "ఊళ్ళో ఆడపిల్లలందరికీ సారె సెయ్యడమే సరిపోయింది. నా పిల్ల ఎనకాలే కూకుండేది, నేర్పమ్మా అనీది. ఇప్పుడు కాదే, బేగి ఎల్లాలి, ఆటో వొచ్చేసింది అనేదాన్ని."

విశాలి ఫోను వైపే చూస్తోంది. పొయ్యి మీద నూనె కాగుతోంది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

తులసి గరిటె నా చేతికిచ్చి, వచ్చి కోడలి పక్కన పీట మీద కూర్చుంది. ఉండ తీసి ఆ పిల్ల అరచేతిలో పెట్టి, తన చెయ్యి ఆ చేతిమీద వేసి మెల్లిగా నొక్కింది.

"ఏడవకొదినా," అంది ఫోనులోకి. "నాకు తొందరేటి లేదు. నేను నేర్పుకుంటాను."